సైకియాట్రిక్ నర్సింగ్‌లో చేరాలనుకుంటే: వార్డా, కమ్యూనిటీనా, మరో చోటా?

సైకియాట్రిక్ నర్సింగ్ వైపు రావాలనుకునే వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు మూడు. ఎక్కడ ప్రమాదం తక్కువ? ఎక్కడ నైట్ డ్యూటీలు ఉండవు? ఎక్కడ చేరితే ముందుముందు ఎదగడానికి వీలుంటుంది? అడగాల్సినవే. కానీ మూడింటికీ మంచి జవాబులు దొరికిన చోట చేరి కూడా ఏడాది తిరక్కుండా వదిలేసి వెళ్లిన వాళ్లున్నారు. ఈ పనిలో మనిషిని నిలబెట్టేది వేరే ఉంది. ఒక్కో పేషెంట్‌తో మీకు ఎంత కాలం దొరుకుతుంది, ఆ కాలంలో ఏ భాగం మీ వంతుకు వస్తుంది అన్నదే అది. నా సలహా అంతా దాని చుట్టూనే ఉంటుంది.

నర్సుకీ పేషెంట్‌కీ మధ్య ఏర్పడే సంబంధమే వైద్యంలో భాగమని హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లో రాశారు. ఆ సంబంధం దశలవారీగా నడుస్తుందని కూడా చూపించారు. ఇప్పుడు మనం చదువుకునే రూపంలో అవి మూడు: పరిచయ దశ, పని దశ, ముగింపు దశ. చాలామందికి ఇది పరీక్షలో వచ్చే ఐదు మార్కుల ప్రశ్నగానే గుర్తుంటుంది. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు దీన్ని మళ్లీ బయటికి తీయండి, ఎందుకంటే ఒక్కో చోట ఒక్కో దశది పైచేయి. అక్యూట్ వార్డులో, అంటే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లని చేర్చుకునే వార్డులో, రోజూ పరిచయాలే. కమ్యూనిటీలో, అంటే పేషెంట్ ఇంటికే వెళ్లి చూసే పనిలో, ఏళ్ల తరబడి పని దశే. మద్యం, మత్తుమందులు మానిపించే డీఅడిక్షన్‌లో అదే మనిషితో మళ్లీ మళ్లీ మొదటి నుంచి మొదలు. వృద్ధుల దగ్గర ముగింపులు ఎక్కువ. వీటిలో మీరు దేన్ని ఓపిగ్గా మోయగలరో, ఏది మిమ్మల్ని లోపల్లోపల తినేస్తుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

అక్యూట్ వార్డు

ఇక్కడికి వచ్చే మనిషి తన జీవితంలోనే గడ్డు రోజుల్లో ఉంటాడు. నిద్ర ఉండదు. ఎవరినీ నమ్మలేడు. గొంతులు వినిపిస్తూ ఉండవచ్చు, చనిపోవాలన్న ఆలోచన వదలకుండా ఉండవచ్చు. కొందరిని వాళ్లకి ఇష్టం లేకుండానే తీసుకొచ్చి ఉంటారు. అలాంటి మనిషికి మీ మీద గురి కుదరాలి, అదీ కొన్ని గంటల్లో. అక్యూట్ వార్డు నేర్పే అసలు విద్య ఇదే.

ప్రమాదం సంగతి ముందుగా మాట్లాడుకుందాం, ఇంట్లో వాళ్లు భయపెట్టేది దాని గురించే కాబట్టి. వార్డులో గొడవ ఎక్కడి నుంచో ఊడిపడదు. చాలాసార్లు దానికి ముందు ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఫోన్ అడిగితే ఇవ్వలేదు. బయటికి వెళ్తానంటే కుదరదన్నారు. ఐదు నిమిషాల్లో వస్తానన్న నర్సు గంటైనా రాలేదు. నార్వేలో తయారైన బ్రోసెట్ చెక్‌లిస్ట్ ఆరే ఆరు విషయాలు చూస్తుంది: అయోమయం, చిరాకు, గోలగా ఉండడం, మాటలతో బెదిరించడం, చేతలతో బెదిరించడం, వస్తువుల మీద దాడి. ఒక్కోదానికి ఒక్క మార్కు. రాబోయే 24 గంటల్లో గొడవ జరిగే అవకాశం ఎంతో దీంతో అంచనా వేస్తారు. ఇందులో ఒక షరతు ఉంది. తెలిసిన పేషెంట్ మామూలుగానే గోలగా ఉండే రకమైతే దానికి మార్కు వేయరు, ఆ గోల మామూలు కంటే పెరిగితేనే వేస్తారు. మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియని నర్సుకి ఇవాళ ఎలా ఉన్నాడో కూడా తెలియదు. పేషెంట్ల మధ్య తిరగకుండా నర్సింగ్ స్టేషన్ అద్దాల వెనక కూర్చునే వార్డులో గొడవలు అందుకే హఠాత్తుగా వచ్చినట్టు అనిపిస్తాయి.

ఒక సందర్భం దగ్గరగా చూడండి. కారిడార్‌లో ఒకతను పిడికిళ్లు బిగించి, తనలో తాను గొణుక్కుంటూ, అటూ ఇటూ వేగంగా నడుస్తున్నాడు. కొత్త నర్సు నేరుగా ఎదురెళ్లి నిలబడి, ప్రశాంతంగా కూర్చోమంటుంది. పని తెలిసిన నర్సు అలా చేయదు. కాస్త పక్కగా, రెండు చేతుల దూరంలో, ఒంటిని కొద్దిగా వాలుగా తిప్పి ఆగుతుంది. చేతులు కనిపించేలా ఉంచుతుంది. అతనికీ దారి వదులుతుంది, తనకూ ఒక దారి ఉండేలా చూసుకుంటుంది. మిగతా పేషెంట్లను అవతలికి తీసుకెళ్లమని తోటి నర్సుకి సైగ చేస్తుంది. మాట్లాడేది తనొక్కతే. గొంతు తగ్గించి, తన పేరు చెప్పి, "మీరు చాలా టెన్షన్‌లో ఉన్నట్టున్నారు. ఏం జరిగిందో చెప్పండి" అంటుంది. ఆ తర్వాత నోరు మూసుకుని వింటుంది. కష్టమైనది ఆ చివరి పనే.

ఆందోళనను స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, పానిక్ అని నాలుగు మెట్లుగా చెప్పింది కూడా పెప్లావే. తీవ్రమైన మెట్టు ఎక్కిన మనిషికి వివరణలు బుర్రకెక్కవు. అప్పుడు వార్డు రూల్స్ చదివి వినిపించడం అగ్గి మీద ఆజ్యం పోయడమే. చిన్న మాటలు, ఒకసారికి ఒకే విషయం, రెండు మార్గాల్లో ఏది కావాలో ఎంచుకునే అవకాశం. ఇవి పనిచేస్తాయి. బ్రిటన్‌లో లెన్ బోవర్స్ బృందం రూపొందించిన సేఫ్‌వార్డ్స్ పద్ధతిలోని పది మార్పులూ ఈ కోవలోవే: మెత్తగా మాట్లాడడం, చెడు వార్త చెప్పే తీరు, షిఫ్ట్ మారేటప్పుడు ఒకరికొకరు చెప్పుకునే హ్యాండోవర్‌లో ప్రతి పేషెంట్ గురించి ఒక మంచి మాట చెప్పుకోవడం లాంటివి. 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో దాన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. గొడవలు 15 శాతం, బలవంతపు చర్యలు 26.4 శాతం తగ్గాయి. బలవంతపు చర్యలంటే పట్టుకుని ఆపడం, ఒంటరి గదిలో ఉంచడం, ఇష్టం లేకుండా ఇంజెక్షన్ ఇవ్వడం లాంటివి. ఇవి తప్పని సందర్భాలు ఉంటాయి. కానీ బోర్లా పడుకోబెట్టి అదిమి పట్టుకోవడం వల్ల ఊపిరాడక ప్రాణాలు పోయిన ఉదంతాలున్నాయి. పట్టుకున్న నర్సులకి కూడా ఆ రాత్రి నిద్ర పట్టదు. అందుకే మీరు చేరబోయే వార్డు ఈ చర్యలకు ఎంత సులువుగా దిగుతుందో కనుక్కోకుండా ఒప్పుకోవద్దు.

మందుల విషయంలో వార్డుకు సాటి లేదు. హాలోపెరిడాల్ అనే యాంటీసైకోటిక్ మందు పడిన కొన్ని గంటలకు మెడ ఒక పక్కకి పట్టేసి, కళ్లు పైకి నిలిచిపోతే అది నటన కాదు, మందు వల్ల కండరాలు బిగుసుకుపోయే డిస్టోనియా. ఒక ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది, కానీ అది పడేదాకా ఆ మనిషి నరకం చూస్తాడు. జ్వరం, ఒళ్లు కొయ్యబారిపోవడం, అయోమయం ఒకేసారి కనిపిస్తే ఇలాంటి మందులకే అరుదుగా వచ్చే ప్రాణాంతక స్థితి, న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు, అప్పుడు నిమిషాలు కూడా ముఖ్యమే. పుస్తకంలో ఒక పేరాగా చదివినవి వార్డులో కళ్లారా చూస్తారు, పక్కన సీనియర్ ఉండగా చూస్తారు.

వార్డులో లోటు మరోటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కథ చివర మీకు తెలియదు. మనిషి కుదుటపడుతుండగానే డిశ్చార్జ్ అవుతాడు. తర్వాత మీకు మళ్లీ కనిపించేది జబ్బు తిరగబెట్టిన వాళ్లే. ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకుని, మామూలుగా బతుకుతున్నవాళ్లు వార్డు తలుపు తట్టరు కదా. దాంతో కొన్నేళ్లకు "వీళ్లు బాగుపడరు" అన్న నమ్మకం నర్సుల్లో పాతుకుపోతుంది. అది పచ్చి అబద్ధం, పైగా పేషెంట్‌కి చాలా హాని చేసే అబద్ధం. వార్డులో ఉండేవాళ్లు అప్పుడప్పుడూ కమ్యూనిటీ టీమ్‌తో ఒక రోజు తిరిగి రావాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కమ్యూనిటీ

1970ల మొదట్లో అమెరికాలోని మాడిసన్‌లో లెనార్డ్ స్టైన్, మేరీ ఆన్ టెస్ట్ తదితరులు ఒక విషయం గమనించారు. ఆసుపత్రిలో పేషెంట్ నేర్చుకున్నది ఇంటికెళ్లాక నిలవడం లేదు. అందుకని వార్డు సిబ్బందినే ఇళ్ల దగ్గరికి పంపారు. అసర్టివ్ కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ అలా మొదలైంది. అందులో సుమారు పది మంది పేషెంట్లకు ఒక సిబ్బంది ఉండాలి. ఇటలీలో ఫ్రాంకో బసాలియా నడిపిన ఉద్యమం వల్ల 1978లో 180వ నంబరు చట్టం వచ్చి, పాత తరహా మానసిక ఆసుపత్రుల్లో కొత్తగా చేర్చుకోవడమే ఆగిపోయింది. జబ్బు ఉన్న మనిషి జీవితం బయట ఉంది, వైద్యం కూడా అక్కడికే వెళ్లాలి అన్నదే ఈ రెండు ప్రయత్నాల వెనకా ఉన్న ఆలోచన.

ఇంటికి వెళ్లిన నర్సు కన్ను ఏం చూస్తుందో చెబుతాను. తలుపు తీయడానికి ఎంతసేపు పట్టింది. పట్టపగలు కర్టెన్లన్నీ మూసి ఉన్నాయా. మాత్రల స్ట్రిప్ రోజుకొకటి చొప్పున ఖాళీ అయిందా, లేక మీరు వస్తారని పొద్దున్నే నాలుగు మాత్రలు ఒకేసారి తీసి పారేశారా. పోయినసారి మాట్లాడిన పెద్ద కొడుకు ఈసారి ఎందుకు ఎదుటికి రాలేదు. "మూడు రోజులుగా రాత్రంతా ఇల్లు సర్దుతోందండీ, ఎంత హుషారో" అని బైపోలార్ ఉన్నావిడ భర్త సంబరంగా చెబితే, మీరు నవ్వుతూనే లోపల అప్రమత్తమవ్వాలి. నిద్ర తగ్గినా నీరసం లేకపోవడం మేనియా, అంటే బైపోలార్‌లో ఉత్సాహం హద్దు దాటే దశ, మొదలవుతోందనడానికి బలమైన గుర్తు. ఆ పూటే డాక్టర్‌తో మాట్లాడితే, వార్డులో చేరాల్సిన అవసరం తప్పిపోవచ్చు.

ఇక్కడ మందుల పరిజ్ఞానం ఇంకో రకంగా అవసరం. బైపోలార్‌కి ఇచ్చే లిథియం రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. అంటే మందుకీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన రోజున, నిన్నటిదాకా సరిపోయిన డోసే ఎక్కువైపోతుంది. మోకాళ్ల నొప్పికి షాపులో కొనుక్కున్న ఐబుప్రోఫెన్ కూడా లిథియం స్థాయిని పెంచుతుంది. స్కిజోఫ్రెనియాకి ఇచ్చే క్లోజపిన్ 48 గంటలకు మించి మానేస్తే మళ్లీ పాత డోసుతో మొదలుపెట్టకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి నెమ్మదిగా పెంచుకుంటూ రావాలి. సిగరెట్లు మానేసిన పేషెంట్‌ని అభినందించాల్సిందే, అదే సమయంలో అతని రక్తంలో క్లోజపిన్ పెరుగుతుందని డాక్టర్‌కి చెప్పాల్సిందే. వార్డులో అయితే వీటిని పట్టుకోవడానికి నలుగురు ఉంటారు. ఇంటి దగ్గర మీరొక్కరే.

ఆ ఒంటరితనమే కమ్యూనిటీలో అసలు బరువు. డిశ్చార్జ్ అయిన మొదటి వారంలో, తర్వాత మూడు నెలల దాకా, ఆత్మహత్య ప్రమాదం బాగా ఎక్కువ. మొదటి కొన్ని రోజుల్లోనే వెళ్లి కలవాలి, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే ఉంటుంది. కానీ ఆ జవాబు విన్నాక, ఈ మనిషిని ఇంట్లో వదిలి వెళ్లొచ్చా లేదా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఫోన్‌లో అందుబాటులో ఉండే సీనియర్ లేని టీమ్‌లో ఇది మోయలేని బరువు. అలాంటి టీమ్‌లో జీతం ఎంత ఎక్కువ ఇచ్చినా చేరమని నేను ఎవరికీ చెప్పను.

మరో చిక్కు హద్దుల గురించి. ఐదేళ్లుగా ఒకే ఇంటికి వెళ్తుంటే మీరు వాళ్లకి బంధువులాగే అయిపోతారు. సొంత ఫోన్ నంబర్ అడుగుతారు, ఇంట్లో శుభకార్యానికి పిలుస్తారు, డబ్బు సర్దమంటారు. మొహం మీద కాదనడం కష్టం. ఒకరికి నంబర్ ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే అది ఇంకా కష్టం. హద్దు అంటే ప్రేమ లేకపోవడం కాదు. మీరు సెలవులో ఉన్న రోజున కూడా ఆ మనిషికి టీమ్ మొత్తం అండగా ఉండేలా చూడడమే హద్దు.

దీనికి ప్రతిఫలంగా దొరికేది మరెక్కడా దొరకదు. మనిషి కోలుకోవడం మీ కళ్ల ముందే జరుగుతుంది, చాలా నెమ్మదిగా. మొదటి ఏడాది తలుపు తీయనివాడు, రెండో ఏడాది గుమ్మం దాకా వస్తాడు, మూడో ఏడాది తనకి ఏ మందు పడదో మీతోనే వాదిస్తాడు. ఆ వాదన విని సంతోషించగలిగితే మీరు కమ్యూనిటీకి తగినవారు. వారంలోపు మార్పు కనిపించకపోతే విసుగొచ్చే స్వభావమైతే వార్డే నయం.

కొత్తవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ముందు ఏడాదో ఏడాదిన్నరో అక్యూట్ వార్డు, తర్వాత కమ్యూనిటీ. తీవ్రంగా జబ్బుపడిన మనిషిని దగ్గరుండి చూసిన కన్ను ఉంటేనే ఇంటి దగ్గర తొలి గుర్తుల్ని పట్టగలదు. దీనికి ఎదురు వాదన ఒకటుంది, అందులోనూ నిజం ఉంది. వార్డులో మొదలుపెట్టినవాళ్లకి జబ్బు తప్ప మనిషి కనిపించడం మానేస్తాడు, కంట్రోల్ చేయడం అలవాటైపోతుంది అంటారు. అందుకని ఒక మినహాయింపు: కమ్యూనిటీ టీమ్‌లో మొదటి కొన్ని నెలలు సీనియర్‌తో కలిసి మాత్రమే ఇళ్లకు పంపుతామని, వారంవారం సూపర్‌విజన్ (సీనియర్‌తో కూర్చుని మీ కేసుల గురించి మాట్లాడుకోవడం) ఉంటుందని రాతపూర్వకంగా చెబితే నేరుగా అక్కడే చేరొచ్చు. నోటిమాటగా చెబితే మాత్రం నమ్మకండి, సిబ్బంది తక్కువైన రోజున మొదట ఎగిరిపోయేది అదే.

ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్లకి, నైట్ డ్యూటీలు ఒంటికి పడనివాళ్లకి కమ్యూనిటీ పగటి పని ఆకర్షణగా ఉంటుంది. తప్పులేదు. అయితే పని తలలో ఇంటికి వచ్చేది కమ్యూనిటీలోనే ఎక్కువ. వార్డులో హ్యాండోవర్ ఇచ్చి బయటపడితే బాధ్యత చేతులు మారినట్టే. కమ్యూనిటీలో శుక్రవారం సాయంత్రం చూసొచ్చిన పేషెంట్ సోమవారం దాకా మీ ఆలోచనల్లోనే ఉంటాడు.

డీఅడిక్షన్

జనరల్ వార్డులోనో ఐసీయూలోనో పనిచేసి ఇటు రావాలనుకునేవాళ్లకి ఇది మంచి వంతెన, ఎందుకంటే మొదటి వారం పని అంతా శరీరానిదే. రోజూ ఎక్కువగా తాగే మనిషి మానేస్తే 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు, 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ (వణుకు, తీవ్ర అయోమయం, లేనివి కనిపించడం) రావచ్చు, రెండోది ప్రాణాంతకం. సీవా అనే స్కేల్‌తో పది అంశాలు చూసి 67కి మార్కులు వేసి, దాన్ని బట్టి మందు ఇస్తారు. వణుకు, చెమట, వికారం, కళ్లకి లేనివి కనిపించడం, ఒక్కోదాన్ని గంటగంటకూ గమనించాల్సిన రోజులుంటాయి. థయమిన్ (విటమిన్ బి1) మరిచిపోతే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు.

ఆ వారం గడిచాక అసలు పని మొదలవుతుంది. విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ ఇక్కడ ప్రధాన సాధనం. మానేయమని మీరు ఎంత వాదిస్తే ఎదుటి మనిషి మానకపోవడానికి అంత గట్టిగా కారణాలు వెతుక్కుంటాడు. మార్పు గురించిన మాట అతని నోట రావాలి, మీరు దాన్ని పట్టుకుని ముందుకు నడిపించాలి. నీతులు చెప్పే అలవాటున్నవాళ్లు ఇక్కడ నెగ్గలేరు. మళ్లీ తాగి వచ్చిన మనిషిని చూసి "ఇంత చేస్తే ఇదా?" అని మనసు నొచ్చుకునేవాళ్లు కూడా ఇక్కడికి రాకపోవడమే మంచిది, ఎందుకంటే తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావం. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ల విషయంలో ఇంకో భయం ఉంది. కొన్ని వారాలు మానేసిన శరీరం పాత డోసుని తట్టుకోలేదు, అదే డోసు మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డిశ్చార్జ్ రోజున ఈ మాట పేషెంట్‌కీ, ఇంట్లోవాళ్లకీ విడమర్చి చెప్పడం విరుగుడు మందైన నలోక్సోన్ ఇచ్చి పంపడమంత ముఖ్యం.

వృద్ధుల విభాగం

దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా బాధ. ఇక్కడ నర్సు పరిశీలనే రోగనిర్ధారణను మార్చేస్తుంది. గంటల్లో, రోజుల్లో మొదలై, పొద్దున ఒకలా రాత్రి ఒకలా మారుతూ, దృష్టి నిలపలేని స్థితి డెలీరియం. నెలల తరబడి నెమ్మదిగా ముదిరేది డిమెన్షియా. అడిగిన ప్రతిదానికీ "తెలీదు" అంటూ, ఏడుపు కూడా రానంత నిస్సత్తువగా ఉండేది డిప్రెషన్ కావచ్చు. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి, మూడూ ఒకే మనిషిలో కలిసి కూడా ఉండవచ్చు. గోల చేసే డెలీరియాన్ని ఎవరైనా గుర్తిస్తారు. మంచం మీద మౌనంగా మగతగా పడి ఉండే డెలీరియాన్ని "పాపం, పడుకున్నారు" అని వదిలేస్తారు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, కొత్తగా మొదలుపెట్టిన మాత్రో దాని వెనక ఉంటుంది.

ఒళ్లు తుడవడం, తినిపించడం లాంటి శారీరక సేవ ఇష్టమై, అదే సమయంలో మనసు సంగతీ చూడాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. ముగింపులు మాత్రం తప్పవు. ఇష్టపడి చూసుకున్న మనిషి మిమ్మల్ని గుర్తుపట్టడం మానేస్తారు, తర్వాత వెళ్లిపోతారు.

పిల్లలు, తల్లులు, జనరల్ ఆసుపత్రి, ఫోరెన్సిక్

పిల్లలు, టీనేజర్ల విభాగంలో పేషెంట్ ఒకరే అయినా పని కుటుంబం మొత్తంతో ఉంటుంది. తల్లిదండ్రుల మీద కోపం తెచ్చుకోకుండా ఉండగలగాలి, చాలామంది అప్పటికే తమని తామే నిందించుకుంటూ ఉంటారు. తిండి మానేసే జబ్బులున్న పిల్లలకి మళ్లీ భోజనం మొదలుపెట్టిన తొలిరోజుల్లో రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకి ప్రమాదం రావచ్చు కాబట్టి శరీర విజ్ఞానం కూడా గట్టిగా ఉండాలి. మొదటి ఉద్యోగంగా దీన్ని నేను సూచించను.

బాలింతల మానసిక ఆరోగ్యం చిన్న విభాగమే కానీ చాలా విలువైనది. బాలింతల్లో డిప్రెషన్‌ని గుర్తించే పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్‌లో మొత్తం మార్కులు తక్కువ వచ్చినా, తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించిన పదో ప్రశ్నకి అవునని వస్తే ఆ రోజే ఆగి మాట్లాడాలి. ప్రసవమైన తొలి రెండు వారాల్లో తల్లి హఠాత్తుగా నిద్రలేకుండా, వింత నమ్మకాలతో, పొంతన లేకుండా మాట్లాడితే అది ఎమర్జెన్సీ.

జనరల్ ఆసుపత్రిలో ఇతర వార్డుల పేషెంట్ల మానసిక సమస్యలు చూసే లైజన్ నర్సుకి ఒక్కో పేషెంట్‌తో దొరికేది ఒకటి రెండు సార్లు మాత్రమే. చనిపోవాలని పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్లు మొదటి రోజంతా మామూలుగానే ఉండి, పశ్చాత్తాపపడి, ఇంటికి వెళ్లిపోతానంటారు. లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది, విరుగుడైన అసిటైల్‌సిస్టీన్ 8 గంటలలోపు మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఆ మనిషిని ఒప్పించి ఉంచడం ఒక పని. "కావాలని మింగినవాళ్లకి మనమెందుకు చేయాలి" అనుకునే తోటి సిబ్బందిని మార్చడం దానికి రెండింతల పని. మాట చురుకు, నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి నప్పుతుంది.

ఫోరెన్సిక్‌లో, అంటే నేరం చేసిన మానసిక రోగుల విభాగంలో, కమ్యూనిటీలాగే ఏళ్ల సంబంధం ఉంటుంది, కానీ తాళాల గుత్తి మీ నడుముకి ఉంటుంది. ఆ మనిషి చేసిన పని తెలిసి కూడా మర్యాద తగ్గకుండా ఉండగలరా అన్నదొక్కటే ఇక్కడ ప్రశ్న. ఉండగలిగితే, తొందర లేకుండా లోతుగా పనిచేసే వీలు ఇక్కడే ఎక్కువ.

చేరే ముందు అక్కడికి వెళ్లి చూసేటప్పుడు

విభాగం ఏదన్నదాని కంటే ఆ టీమ్ ఎలాంటిదన్నదే ఎక్కువ తేడా చేస్తుంది. మంచి డీఅడిక్షన్ యూనిట్, చెడ్డ అక్యూట్ వార్డు మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి మంచి టీమ్ ఉన్న చోటికే వెళ్లండి. హ్యాండోవర్ విననివ్వమని అడగండి. పేషెంట్లని పేరుతో చెబుతున్నారా, మంచం నంబరుతోనో జబ్బు పేరుతోనో చెబుతున్నారా వినండి. చివరిసారి గొడవ జరిగాక అందరూ కూర్చుని మాట్లాడుకున్నారా, పేషెంట్‌ని కూడా అడిగారా అని వాకబు చేయండి. కమ్యూనిటీ అయితే ఒక్కో నర్సు చేతిలో ఎంతమంది ఉన్నారో, ఒంటరిగా వెళ్లిన నర్సు సాయంత్రానికి ఫోన్ చేయకపోతే ఎవరు వెతుకుతారో అడగండి. రెండో ప్రశ్నకి వెంటనే జవాబు రాకపోతే అక్కడ ఆ ఏర్పాటే లేదని అర్థం.

మీకు గానీ, మీ ఇంట్లో ఎవరికైనా గానీ మానసిక జబ్బు అనుభవం ఉంటే అది అనర్హత కాదు. మంచి నర్సులు చాలామంది ఆ దారినే వచ్చారు. అయితే సొంత గాయాన్ని పోలిన జబ్బులున్న విభాగంలో మొదటి ఉద్యోగం వద్దు. ఆత్మహత్యతో ఆప్తులని పోగొట్టుకుని ఏడాది కూడా కానివాళ్లు లైజన్‌లో చేరితే ప్రతి కాల్ పాత గాయాన్ని రేపుతుంది. కొంతకాలం వృద్ధుల విభాగంలోనో డీఅడిక్షన్‌లోనో పనిచేసి, సూపర్‌విజన్‌లో మనసు విప్పి మాట్లాడడం అలవాటయ్యాక మారవచ్చు.

మారడం కూడా అన్ని వైపులకీ ఒకేలా ఉండదు. వార్డు నుంచి ఎటైనా తేలిగ్గా వెళ్లొచ్చు. కమ్యూనిటీలో పదేళ్లు చేసి వార్డుకి తిరిగి రావడం కష్టం, షిఫ్టులు ఒంటికి పట్టవు, చేతికి ఆ పని అలవాటు తప్పుతుంది. ఫోరెన్సిక్ నుంచి బయటికి వచ్చినవాళ్లకి మొదట్లో తెరిచి ఉన్న ప్రతి తలుపూ కంగారుగా ఉంటుంది, కొన్ని నెలల్లో సర్దుకుంటారు. కాబట్టి ఎటూ తేల్చుకోలేనివాళ్లు వార్డు వైపు మొగ్గితే ఎక్కువ దారులు తెరిచి ఉంటాయి.

ఎక్కడ చేరాలనుకున్నా, సంతకం పెట్టే ముందు ఒక సాయంత్రం షిఫ్ట్ చూడనివ్వమని అడగండి. పొద్దున డాక్టర్లు, ఇన్‌ఛార్జ్‌లు, రౌండ్లు ఉంటాయి కాబట్టి అన్ని యూనిట్లూ బాగానే కనిపిస్తాయి. సాయంత్రం ఆరు తర్వాత సిబ్బంది తగ్గి, విజిటర్లు వెళ్లిపోయి, పేషెంట్లకి దిగులు మొదలయ్యే వేళకి నర్సులు ఎక్కడ ఉన్నారో చూడండి. కామన్ రూమ్‌లో వాళ్ల పక్కన కూర్చుని ఉంటే చేరిపోండి. చూడనివ్వం అంటే కారణం అడిగి, పేషెంట్ల ప్రైవసీ లాంటి సబబైన కారణం చెప్పకపోతే, మరో చోట కూడా దరఖాస్తు పెట్టుకోండి.